ఇంగ్లండు పల్లెల్లో నడవడానికి ఓఎస్ ఎక్స్‌ప్లోరర్ మ్యాపు: కొనవచ్చా?

పిల్లల దగ్గరికి ఇంగ్లండు వెళ్ళే అమ్మానాన్నలకి ఇక్కణ్ణుంచి ఏమేం పట్టుకెళ్ళాలో చెప్పేవాళ్ళు మన వైజాగ్‌లో కొల్లలు. నేను రాసేది అక్కడ దిగాక కొనుక్కోవలసిన వస్తువు గురించి. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే (ఓఎస్) వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపు. నారింజ రంగు అట్ట. మడిస్తే చేతిసంచీలో పడుతుంది, విప్పితే డైనింగ్ టేబులు నిండిపోతుంది. పిల్లలు ఆఫీసులకి, మనవలు బడికి వెళ్ళాక పగలంతా ఏం చెయ్యాలో తోచక కిటికీ దగ్గర కూర్చునే పెద్దవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను.

నేను భూగోళం టీచర్ని. రిటైరయ్యి ఎంవీపీ కాలనీలో ఉంటున్నాం. మా అమ్మాయి వాళ్ళుండేది ఎసెక్స్‌లో, లండన్ సెంట్రల్ లైను ఆఖరి స్టేషను ఎపింగ్‌కి దగ్గర. బళ్ళో ఉన్నన్నాళ్ళూ టోపోషీటు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాపు, గోడకి తగిలించి, గోధుమరంగు గీతలు ఎత్తుని చెబుతాయనీ, ఈ గుర్తు గుడి, ఈ గుర్తు చర్చి అనీ పాఠం చెప్పినదాన్ని. విశాఖపట్నం పడేది 65 ఓ అనే నంబరు షీటులో. కానీ తీరప్రాంతం షీట్లు మామూలు జనం చేతికి వచ్చేవి కావు. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్లలకి ఎక్కడో లోపలి జిల్లా షీటు చూపించి చెప్పాల్సొచ్చేది. 2021లో కేంద్రం ఆ నిబంధనలు బాగా సడలించింది, సంతోషమే. అయితే ఎసెక్స్‌లో ఒక మామూలు పుస్తకాల షాపులో, ఆ ఊరి చుట్టూ ఉన్న ప్రతి పొలం హద్దూ, ప్రతి కాలిబాటా గీసిన మ్యాపు ఎవరైనా కొనుక్కునేలా అరలో పెట్టి ఉంటే నా ప్రాణం ఎలా లేచొచ్చిందో ఊహించుకోండి.

ఇది 1:25,000 స్కేలు. నేల మీద కిలోమీటరు దూరం కాగితం మీద 4 సెంటీమీటర్లు. నీలం గీతల గడి ఒక్కొక్కటీ ఒక కిలోమీటరు. మా ఇద్దరి నడకకి గడికి ఇరవై నిమిషాలు. వేలు పెట్టి గడులు లెక్కపెడితే ఇంటికి ఎన్నింటికి చేరతామో ముందే తెలిసిపోతుంది. బ్రిటన్ మొత్తానికి ఇవి 403 షీట్లు. పక్కనే గులాబీరంగు అట్టతో ల్యాండ్‌రేంజర్ అని ఇంకొకటి ఉంటుంది, అది 1:50,000. కారువాళ్ళకి, సైకిలు వాళ్ళకి అది చాలు. నడిచేవాళ్ళు నారింజదే కొనాలి, ఎందుకంటే పొలాల కంచెలు, హద్దులు అందులోనే ఉంటాయి. పొలంలో నిలబడ్డప్పుడు కంచెకి ఇటువైపున్నామా, అటువైపున్నామా అన్నదే అసలు సంగతి.

ఈ మ్యాపు ప్రాణమంతా ఆకుపచ్చ చుక్కగీతల్లో ఉంది. పొట్టి గీతలు కాలిబాట, పొడుగు గీతలు గుర్రాలు కూడా వెళ్ళే బాట. ఆ గీత ఉందంటే అక్కడ నడిచే హక్కు చట్టప్రకారం అందరికీ ఉన్నట్టు, భూమి ఎవరిదైనా సరే. ఇంగ్లండు, వేల్స్ కలిపి ఇలాంటి బాటలు సుమారు 1,40,000 మైళ్ళు. 1949లో వచ్చిన చట్టం ప్రకారం జిల్లాలవారీగా వీటిని మ్యాపులకెక్కించారు. మొదటిసారి గోధుమ చేను నడిమధ్య నుంచి వెళ్ళాల్సొచ్చినప్పుడు మావారు ఆగిపోయారు. “ఎవరి చేలోకో పోతున్నామే, కుక్కల్ని వదుల్తారేమో” అన్నారు. “ఏవండీ, ఇది చూడండి” అని ఆకుపచ్చ గీత చూపించాను. ఎదురుగా చేలో మీటరు వెడల్పున నేల వదిలేసి ఉంది. చేను మధ్య బాటని దున్నితే రైతు 14 రోజుల్లో దాన్ని మళ్ళీ నడిచేలా చేసిపెట్టాలి, కనీసం మీటరు వెడల్పు ఉండాలి, అదీ అక్కడి రూలు. ఎదురొచ్చిన రైతు చెయ్యెత్తి పలకరించి ట్రాక్టరు మీద వెళ్ళిపోయాడు. ఆ తరవాత నుంచి మ్యాపు మావారి చేతిలోకి పోయింది.

ఇక చర్చిలు. గుర్తుల్లో నాకు బాగా నచ్చినవి ఇవే. నల్లని చదరం మీద శిలువ ఉంటే బురుజున్న చర్చి, నల్లని గుండ్రం మీద శిలువ అయితే కొనదేలిన శిఖరమో గుమ్మటమో ఉన్నది, ఉత్త శిలువ అయితే రెండూ లేనిది. కాబట్టి చెట్లమీదుగా ఏం కనబడాలో వెతుక్కుంటూ నడవచ్చు. దారి తప్పామా లేదా అన్నది ఆ బురుజే చెప్పేస్తుంది.

ఎపింగ్‌లో మొదలై సముద్రం దాకా పోయే ఎసెక్స్ వే అనే బాట ఉంది, అది మ్యాపులో పేరుతో సహా ఉంటుంది. ఆ బాటలో సుమారు పది కిలోమీటర్లు నడిస్తే గ్రీన్‌స్టెడ్ చర్చి. అంత నడవలేనివాళ్ళు బస్సులో ఓంగర్ దాకా వెళితే అక్కణ్ణుంచి చెట్ల వరస మధ్య కొద్దిపాటి నడక. చిన్నది. తెల్లచెక్కల బురుజు. గోడలు మాత్రం ఓకు దుంగలు. దుంగని నిలువునా చీల్చి, చదును వైపు లోపలికీ, గుండ్రటి వైపు బయటికీ పెట్టి వరసగా నిలబెట్టారు. చెక్కలోని వలయాలు లెక్కపెట్టి ఇవి 1060 తరవాతి కాలానివని తేల్చారు. అంటే కోణార్క గుడి కంటే పాతవి, అదీ చెక్క, అదీ అంత వాన కురిసే దేశంలో. దుంగల అడుగు కుళ్ళిపోతే 1848 ప్రాంతంలో కింద ఇటుకల వరస కట్టి నిలబెట్టారు. దుంగ మీద చెయ్యి పెట్టి చూడండి, ఎవరూ వద్దనరు.

అక్కడే ఇంకో సంగతి ఉంది. డోర్సెట్ వైపు టోల్‌పడిల్ అనే ఊళ్ళో కూలి తగ్గించారని సంఘం పెట్టుకున్నందుకు ఆరుగురు వ్యవసాయ కూలీలకి 1834లో శిక్ష వేసి ఆస్ట్రేలియా పంపేశారు. జనం పెద్దఎత్తున గొడవ చేస్తే 1836లో క్షమాభిక్ష ఇచ్చారు. తిరిగొచ్చినవాళ్ళలో కొందరికి గ్రీన్‌స్టెడ్ చుట్టుపక్కల పొలాలు కౌలుకి ఇప్పించారు. వాళ్ళలో జేమ్స్ బ్రైన్ తనతో పాటు శిక్షపడ్డ స్టాండ్‌ఫీల్డ్ ఇంటి పిల్లనే 1839లో ఈ చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. మావారు పోర్టులో పనిచేసినంతకాలం యూనియన్ మనిషి. ఆయన లోపల బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయారు. నేను సందర్శకుల పుస్తకంలో మా ఇద్దరి పేర్లూ తెలుగులోనే రాసి, విశాఖపట్నం అని పెట్టాను.

పెద్ద పాత చర్చి ఉన్న వాల్తమ్ ఆబీ అనే ఊరి గురించి ఒక్క మాట. 1066లో యుద్ధంలో చచ్చిపోయిన హెరాల్డ్ రాజుని అక్కడే పూడ్చారని చెబుతారు, స్తంభాల మీద చెక్కిన వంకర గీతలు బాగుంటాయి. కానీ నన్ను కదిలించింది గ్రీనిచ్ రేఖ, సున్నా డిగ్రీల రేఖాంశం. అది ఆ ఊరి మీదుగానే వెళుతుంది. మన కాకినాడకి దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖని బోర్డు మీద గీసి, దానికి సున్నా ఎక్కడ మొదలవుతుందో ఏళ్ళతరబడి చెప్పినదాన్ని, ఆ సున్నా మీద నిలబడ్డాను.

అడవికి వస్తే, 174 నంబరు షీటు ఎపింగ్ ఫారెస్టుది. హార్న్‌బీమ్, బీచ్ చెట్లని మనిషి ఎత్తు పైన నరికి, పశువులకి అందకుండా కొత్త కొమ్మలు వేయించి, మళ్ళీ మళ్ళీ వంటచెరుకు కోసుకునేవాళ్ళు. అలా కోసి కోసి మొదళ్ళు బుర్రలు తేలి, బలిసి, భయంకరమైన అందంతో ఉంటాయి. భూస్వాములు కంచెలు వేసుకుంటుంటే కట్టెలు కొట్టుకునే హక్కు మాదని లౌటన్ ఊరివాళ్ళు తిరగబడ్డారు, జైలుకీ వెళ్ళారు. ఆ తగువు ముదిరి ముదిరి 1878లో చట్టమొచ్చి అడవి ప్రజలకి మిగిలింది. ఇనుపయుగం నాటి మట్టికోటలు రెండున్నాయి, లౌటన్ క్యాంప్, ఆంబ్రెస్‌బరీ బ్యాంక్స్. పాతకాలపు కట్టడాలకి మ్యాపులో వేరే తరహా అక్షరాలు వాడతారు కాబట్టి చెట్ల మధ్య మట్టిగట్టు కనిపిస్తే అది మామూలు గట్టు కాదని తెలుస్తుంది.

లోపాలూ చెప్పాలి. అక్షరాలు చిన్నవి, చదివే కళ్ళద్దాలు మెళ్ళో వేలాడదీసుకోవాల్సిందే. గాలికి విప్పడం ఒక్కరి వల్ల కాదు. చాలా చర్చిలకి గుర్తు తప్ప పేరుండదు, తలుపు ఎన్నింటికి తీస్తారో మ్యాపు చెప్పలేదు కాబట్టి ముందే ఫోన్లో చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, బురద. ఎసెక్స్ బంకమట్టి వాన పడ్డాక బూటుని వదలదు. ఏ గీతా దాన్ని చూపించదు. చర్చి ముందు అరుగులో బురద బూట్లు ఇక్కడ విప్పండి అని చీటీ ఉంటే మనకి చెప్పక్కర్లేదు, మనం విప్పేసే వెళతాం.

మా ఊరికి ఇలాంటిది కావాలని ఎంత గట్టిగా కోరుకుంటానో. కంబాలకొండ బాటలు, తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, పాత ఊళ్ళో యూరోపియన్ల శ్మశానం, రాస్ హిల్ చర్చి, దాని పక్క కొండల మీద దర్గా, వెంకన్న గుడి, భీమిలిలో డచ్చివారి సమాధులు. ఇవన్నీ ఒకే కాగితం మీద, ఎక్కడ నడవచ్చో ఎక్కడ నడవకూడదో తేల్చి చెబుతూ, బీచ్ రోడ్డులో ఏ పుస్తకాల షాపులోనైనా దొరకాలి. టోపోషీటు చదవడం వచ్చిన టీచర్లం ఇంకా ఉన్నాం, పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తాం.

కొనేవాళ్ళకి: పిల్లలుండే ఊరి పేరు ఆర్డ్‌నెన్స్ సర్వే వెబ్‌సైట్‌లో కొడితే షీటు నంబరు వస్తుంది. కాగితం మ్యాపుతో పాటు అదే మ్యాపుని ఫోన్లో దింపుకునే కోడ్ ఉంటుంది, అది పారెయ్యకండి. అక్టోబరు నుంచి మార్చి మధ్య వెళ్ళేవాళ్ళు ప్లాస్టిక్ పూత ఉన్న యాక్టివ్ రకం తీసుకోండి, ధర కాస్త ఎక్కువైనా వానకి తట్టుకుంటుంది. ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో వెళ్ళగలిగితే మరీ మంచిది, పాత అడవుల్లో బ్లూబెల్ పూలు అప్పుడే. నడక బూట్లు ఇక్కడ కొనొద్దు. అక్కడే, మందపాటి మేజోళ్ళు తొడుక్కుని, అర సైజు పెద్దవి చూసుకుని కొనండి.