శ్రమయోగి మాన్‌ధనా, అటల్ పెన్షనా: మన కష్టజీవులకు ఏది మేలు?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ, కొత్తవాడలో దర్రీలు నేసే కుటుంబం, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చుట్టే అక్కలు. వీళ్లకు అరవై దాటాక నెలనెలా చేతికి పైసలెట్లా వస్తాయి? ఆసరా పెన్షన్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఎంత ఇవ్వాలో, ఎవరికివ్వాలో సర్కారే నిర్ణయిస్తుంది. మన పేరున మనమే కట్టుకునేవి వేరే ఉన్నాయి. ఒకటి 2015లో మొదలైన అటల్ పెన్షన్ యోజన, రెండోది 2019లో వచ్చిన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్. దేంట్లో చేరాలన్నా వయసు 18 నుంచి 40 మధ్య ఉండాలి.

ముప్పై ఏళ్ల మనిషి శ్రమయోగిలో నెలకు 105 రూపాయలు కడితే కేంద్రం ఇంకో 105 కలుపుతుంది. 60 నిండాక నెలకు 3,000 వస్తాయి. అటల్‌లో అదే 3,000 రావాలంటే 347 కట్టాలి. నలభై ఏళ్లకు చేరితే శ్రమయోగిలో 200, అటల్‌లో 873.

అటల్‌లో ఎక్కువ కట్టినదానికి ఫలం లేకపోలేదు. పెన్షన్‌దారు చనిపోతే భార్యకో భర్తకో మొత్తం 3,000 వస్తూనే ఉంటాయి. ఇద్దరూ పోయాక నామినీకి 5.1 లక్షలు ఇస్తారు. శ్రమయోగిలో మిగిలిన వారికి సగం, అంటే 1,500 మాత్రమే. ఆ తర్వాత పిల్లలకు ఏమీ రాదు.

అసలు చిక్కు అర్హత దగ్గర. శ్రమయోగికి నెల ఆదాయం 15,000 దాటకూడదు, పీఎఫ్, ఈఎస్ఐ ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవారై ఉండకూడదు. ఆ పథకం ఎవరికోసమో చెప్పే జాబితాలో బీడీ కార్మికుల పేరూ ఉంటుంది. అది చూసి చాలామంది ఆశపడతారు. కానీ కంపెనీ పీఎఫ్ కడుతున్న అక్కకు ఇది వర్తించదు, ఆమె సంపాదన ఎంత తక్కువైనా సరే. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అటల్‌లో పీఎఫ్ అడ్డు కాదు. 2022 అక్టోబర్ 1 నుంచి ఆదాయపు పన్ను కట్టేవారిని మాత్రం చేర్చుకోవడం లేదు.

అందుకే పీఎఫ్ ఉన్న బీడీ అక్కలు ఇంకో ఆలోచన లేకుండా అటల్‌లో చేరాలి. పీఎఫ్ లేని హమాలీకి, నేత కార్మికుడికి నేను శ్రమయోగే చెప్తాను. భార్య కూడా కూలికి పోతుంటే ఇద్దరూ విడివిడిగా చేరవచ్చు. ఇద్దరికీ ముప్పై ఏళ్లుంటే కట్టేది 210, అరవై తర్వాత వచ్చేది 6,000. అటల్‌లో ఒక్కరి 3,000 కోసమే 347 పోతుంది. పిల్లలకు వచ్చే 5.1 లక్షలు చిన్న మొత్తం కాదు, కాకపోతే అది చేతికొచ్చేసరికి ఏ నలభై, యాభై ఏళ్లో గడిచిపోతాయి. పని దొరకని నెలల్లో 347 కట్టడం మాత్రం ఇప్పుడే టెన్షన్.

ఒక మాట మాత్రం దాచకూడదు. ముప్పై ఏళ్ల తర్వాత 3,000కు ఇప్పటి విలువ ఉండదు. కాస్త నిలకడైన సంపాదన ఉంటే అటల్‌లో 5,000 పెన్షన్ ఎంచుకోవడం మంచిది. ముప్పై ఏళ్లవారికి నెలకు 577 పడుతుంది.

శ్రమయోగికి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)కు వెళ్లాలి. మొదటి కిస్తు అక్కడే నగదుగా కట్టాలి, తర్వాతివి ఖాతా నుంచి వాటంతటవే కట్ అవుతాయి. అటల్‌కు మీ ఖాతా ఉన్న బ్యాంకుకో పోస్టాఫీసుకో పోతే చాలు. కూలి డబ్బులు పడే ఖాతానే ఇవ్వండి, కిస్తు రోజుకు అందులో పైసలుండే అవకాశం ఎక్కువ.