జీఐ బిల్‌తో ప్రైవేటు కాలేజీ: నాలుగేళ్ళు వాడాక

"నీకేంట్రా, చదువంతా ఫ్రీ" అని మా రూమ్మేట్లు అన్నప్పుడల్లా నవ్వి ఊరుకునేవాణ్ణి. ఊళ్ళో పొలం తాకట్టు పెట్టించి, బ్యాంకు లోను తీసుకుని ఎమ్మెస్‌కి వచ్చినవాళ్ళు. వాళ్ళ ముందు నా బాధ చెప్పుకుంటే బాగుండదు. ఫ్రీ మాత్రం కాదు.

గ్రీన్ కార్డు మీద అమెరికా ఆర్మీలో చేరి, నాలుగేళ్ళు చేసి 2021లో బయటికొచ్చాను. సైన్యంలో చేసినవాళ్ళ చదువుకి అమెరికా ప్రభుత్వం డబ్బిచ్చే పథకం పోస్ట్ 9/11 జీఐ బిల్. 36 నెలలు యాక్టివ్ డ్యూటీ (పూర్తికాలం సైన్యంలో పని) చేసినవాళ్ళకి ఇది నూటికి నూరు శాతం వర్తిస్తుంది. చేతికొచ్చేది 36 నెలల చదువు. ఏడాదికి తొమ్మిది నెలల చొప్పున నాలుగేళ్ళ డిగ్రీకి సరిపోతుంది. సమ్మర్‌లో క్లాసు తీసుకుంటే అదీ ఇందులోంచే పోతుంది కాబట్టి నేను తీసుకోలేదు. 2025 మేలో డిగ్రీ, బిల్లు రెండూ ఒకేసారి అయిపోయాయి.

స్టేట్ యూనివర్సిటీలో చేరితే ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్ళకుండే తక్కువ ఫీజు) మొత్తం వీఏ, అంటే మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, కట్టేస్తుంది. మా యూనిట్ వాడొకడు అలాగే చేరి ఒక్క డాలరు కట్టకుండా బయటపడ్డాడు. నాకు పేరున్న ప్రైవేటు కాలేజీ కావాలనిపించింది. ప్రైవేటుకి ఏడాదికి ఇంతే అని పరిమితి ఉంది: 2021-22లో 26,042 డాలర్లు. మా కాలేజీ ఫీజు 52 వేలు.

ఆ తేడా పూడ్చడానికే ఎల్లో రిబ్బన్ అనే పథకం ఉంది. కాలేజీ ఎంత వేస్తే వీఏ అంత వేస్తుంది. కాలేజీ వెబ్‌సైట్లో 'ఎల్లో రిబ్బన్' అన్న మాట చూసి సంబరపడిపోయాను, ఎంత వేస్తారో అడగలేదు. తీరా చూస్తే మా కోర్సుకి 9 వేలు. వీఏ మరో 9 వేలు. ఇంకా దాదాపు 8 వేలు నా నెత్తిన పడింది. కొన్ని కాలేజీలు తేడా మొత్తం భరిస్తాయి, కొన్ని ఇంతమందికే అని సీట్లు పెడతాయి. ఆ అంకె అడక్కుండా చేరడం నా తప్పే. రెండో ఏడాది వీఏ పరిమితి పెరిగింది 339 డాలర్లు, కాలేజీ ఫీజు పెరిగింది రెండు వేలు!

తక్కువ ఆదాయమున్న విద్యార్థులకి ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు కొంత ఆదుకుంది. జీఐ బిల్ ఉన్నా దానికి అప్లై చేయొచ్చని నాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది.

జీఐ బిల్ కింద నెలనెలా వచ్చే ఇంటద్దె భత్యం మాత్రం బంగారం. కాలేజీ ఉన్న జిప్ కోడ్‌ని బట్టి, కుటుంబమున్న ఈ-5 సార్జెంటుకి ఎంతిస్తారో అంత. నేను అంతకు ఒక మెట్టు కింద, ఈ-4గానే దిగిపోయాను కాబట్టి ఉద్యోగంలో లేని హోదా చదువులో దక్కింది. పన్ను కూడా లేదు. క్లాసులన్నీ ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఇది బాగా తగ్గిపోతుంది, కాబట్టి ఒక్క క్లాసయినా క్యాంపస్‌లో ఉండాలి. నెలాఖరున ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, 'యస్' అని జవాబివ్వాలి. వరసగా రెండు నెలలు మర్చిపోతే డబ్బు ఆగిపోతుంది.

అసలు టెన్షన్ చలికాలంలో. భత్యం నెల గడిచాక వస్తుంది, అదీ క్లాసులున్న రోజులకే. డిసెంబర్ మధ్యలో సెమిస్టర్ ముగుస్తుంది, జనవరి 20 దాటాక మళ్ళీ మొదలు. అంటే జనవరిలో సగం డబ్బు, ఫిబ్రవరి మొదట్లో పదీ పన్నెండు రోజుల డబ్బు. ఇంటి ఓనరుకి ఈ లెక్కలేం పడతాయి! మొదటి ఏడాది అమ్మకి చెప్పకుండా క్రెడిట్ కార్డు మీద బతికాను. తర్వాత ప్రతి డిసెంబర్‌లో ఓ గోడౌన్‌లో నైట్ షిఫ్టులు చేశాను.

ఇంకో దెబ్బ ఫిజిక్స్ వల్ల. మధ్యలో వదిలేస్తే మార్కులకే నష్టం అనుకున్నాను. కట్టిన ఫీజు, ఇచ్చిన భత్యం తిరిగి కట్టమని వీఏ నుంచి ఉత్తరం వచ్చింది. మొదటిసారి ఆరు క్రెడిట్ల దాకా మినహాయింపు ఉంటుందని, కాలేజీలో వీఏ కాగితాలు చూసే సర్టిఫయింగ్ అఫీషియల్ ఆవిడ చెప్పి గట్టెక్కించింది. కాలేజీలో నేను ముందే పరిచయం చేసుకోవాల్సిన మనిషి ఆవిడే. వీఏ డబ్బు ఆలస్యమైందని కాలేజీ లేట్ ఫీజు వేసినప్పుడు కూడా, 2018 చట్టం ప్రకారం 90 రోజులు ఆగాలని వాళ్ళ ఆఫీసుతోనే మాట్లాడి తీయించేసింది.

మళ్ళీ చేరాల్సి వస్తే ఇదే కాలేజీలో చేరతానా అంటే, చేరతాను. కాకపోతే ఆ 9 వేల అంకె ముందు కాగితం మీద రాయించుకుని.