నొవాచెల్లా మఠం కెర్నర్: తీపి లేకున్నా పండు వాసన వీడని తెల్ల వైన్

తెల్ల వైన్ గురించి మన వాళ్ళలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. తీపిగా ఉంటే షర్బత్ తాగినట్టు ఉంటుందని, తీపి లేకపోతే చక్కెర వేయడం మరచిపోయిన నిమ్మకాయ నీళ్ళలా ఉంటుందని అంటారు. చాలాకాలం నా అభిప్రాయమూ అదే. దాన్ని మార్చింది ఇటలీ ఉత్తరపు అంచున, దక్షిణ టిరోల్‌లోని ఐజాక్ లోయలో తయారయ్యే కెర్నర్ అనే వైన్. బ్రిక్సెన్ పట్టణం పక్కనే ఉన్న అగస్టీనియన్ క్రైస్తవ సన్యాసుల మఠం దీన్ని తయారు చేస్తుంది. ఆ మఠాన్ని ఇటాలియన్‌లో నొవాచెల్లా అనీ, జర్మన్‌లో నోయ్‌స్టిఫ్ట్ అనీ పిలుస్తారు.

రెండు పేర్లు ఉండడానికి చరిత్రే కారణం. మొదటి ప్రపంచ యుద్ధం వరకు ఆస్ట్రియా కింద ఉన్న ఈ ప్రాంతం 1919 నాటి ఒప్పందంతో ఇటలీకి దక్కింది. నేటికీ ఇక్కడ ఎక్కువ మంది మాట్లాడేది జర్మన్ కావడంతో ఊళ్ళ పేర్లే కాదు, సీసాల మీది పేర్లూ రెండు భాషల్లో కనిపిస్తాయి. మఠాన్ని 1142లో బ్రిక్సెన్ బిషప్ హార్ట్‌మన్ స్థాపించాడు. 1807లో మూతపడి, 1816లో మళ్ళీ తెరుచుకున్న కొద్దికాలాన్ని మినహాయిస్తే, మఠవాసుల జీవితమూ ద్రాక్ష సాగూ ఇక్కడ కలిసే నడిచాయి. ముంగిట్లోని బావి మండపం మీద ప్రపంచ వింతల చిత్రాలున్నాయి. ఏడు వింతల పక్కన ఎనిమిదోదిగా తమ మఠాన్నే చిత్రింపజేసుకున్న ఆ సన్యాసుల ధీమా నాకు నచ్చింది.

ఈ వైన్‌కు పేరిచ్చిన కెర్నర్ మాత్రం అంత పాత ద్రాక్ష కాదు. జర్మనీలోని వైన్స్‌బెర్గ్ ఊరి ద్రాక్ష పరిశోధన సంస్థకు చెందిన ఆగస్ట్ హెరోల్డ్ అనే పరిశోధకుడు 1929లో ట్రోలింగర్ అనే నల్ల ద్రాక్షను, రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో సంకరం చేసి దీన్ని పుట్టించాడు. అదే ఊళ్ళో నివసించిన యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు, కవి పేరు దీనికి పెట్టారు. ఆయన వైన్ మీద పాటలు రాయడమే కాక, పాడైన సాసేజ్‌లు తిని మనుషులు చనిపోవడాన్ని గమనించి, ఈనాడు బొట్యులిజం అనే ఆ విషప్రభావాన్ని వివరంగా వర్ణించినవాడు కూడా. జర్మనీలో ఈ ద్రాక్షకు పెద్ద గౌరవం మిగలలేదు. బాగా కాస్తుంది, మొండిగా బతుకుతుంది కాబట్టి విరివిగా నాటారు, చవక మిశ్రమాల్లో కలిపారు, తర్వాత చాలా చోట్ల పీకేశారు. దాన్ని కొండ వాలుల మీద నాటాకే దాని అసలు గుణం బయటపడిందని నా నమ్మకం.

మఠం చుట్టూ ఉన్న తోటలు దాదాపు 600 నుంచి 900 మీటర్ల ఎత్తులో, నిటారు వాలుల మీద ఉంటాయి. ఇటలీలో ద్రాక్ష పండే ప్రాంతాల్లో ఇంతకంటే ఉత్తరాన మరొకటి లేదు. ఆలస్యంగా చిగురించే కెర్నర్ వసంతంలో పడే మంచు దెబ్బను చాలావరకు తప్పించుకుంటుంది. పగలు ఎండ బాగా కాయడం వల్ల పండులో చక్కెర చేరుతుంది. రాత్రి ఆల్ప్స్ చలి దిగడం వల్ల పులుపు కరిగిపోకుండా నిలుస్తుంది. ద్రాక్షకు పులుపునిచ్చే మాలిక్ ఆమ్లాన్ని వేడి రాత్రుల్లో పండు తానే ఖర్చు చేసుకుంటుంది, చల్లని రాత్రుల్లో దాచుకుంటుంది. హైదరాబాదు పరిసరాల్లో ఒకప్పుడు విరివిగా పండించిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను గుర్తు తెచ్చుకుంటే ఈ తేడా తెలుస్తుంది. అది నోటినిండా రసంతో తినడానికి హాయిగా ఉంటుంది కానీ, వైన్‌ను నిలబెట్టగల పదునైన పులుపు దానిలో ఉండదు.

ఇక రుచి సంగతి. నేను తెరిచింది మఠం వారి మామూలు శ్రేణి కెర్నర్. కొత్త కొయ్య పీపాల వాసన అంటకుండా స్టీలు ట్యాంకుల్లో పులియబెట్టినది. లేత పసుపు రంగులో, అంచున కొద్దిగా ఆకుపచ్చ ఛాయతో ఉంది. గ్లాసును ముక్కు దగ్గరకు తేగానే పీచ్ పండు, కమలా తొక్క గిల్లినప్పుడు చిమ్మే నూనె, వాటి వెనుక జాజికాయను తలపించే సన్నని ఘాటు తెలిశాయి. ఆ వాసనకు మోసపోయి తీపిని ఆశించి గుటక వేస్తే నాలుక మీద తీపి జాడే ఉండదు. పచ్చి యాపిల్ కొరికినప్పటి పులుపు మొదట తగిలి, ఆ తర్వాత రసం నోరంతా పరుచుకొని, మింగాక చాలాసేపటికి గానీ తగ్గని ఉప్పదనం లాంటిదేదో మిగులుతుంది. ఆ చివరి రుచిని కొందరు అభ్రకం కలిసిన అక్కడి రాతి నేలకు ఆపాదిస్తారు. రాయి రుచి వేరు గుండా పండులోకి ఎక్కుతుందన్న మాట నాకు నమ్మశక్యంగా లేదు. నీటిని నిలవనీయని ఆ నేల, చలి కలిసి చేసిన పనిగానే దాన్ని చూస్తాను.

తీపి లేని వైన్‌ను డ్రై అంటారు; ఆ మాటకు యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో ఒక లెక్క ఉందని ఇక్కడే చెప్పాలి. లీటరుకు 4 గ్రాముల వరకు చక్కెర మిగిలిన వైన్‌ను డ్రై అనవచ్చు. దానికి తగ్గ పులుపు ఉంటే 9 గ్రాముల వరకు కూడా అనుమతి ఉంది. కాబట్టి రెండు డ్రై వైన్లు ఒకేలా ఉండాలని లేదు. కెర్నర్‌లో కనిపించే మెత్తదనాన్ని తీపి అనుకోవడం వాసన చేసే మాయ.

దీన్ని మరీ చల్లగా తాగకూడదు. ఒకసారి ఒక రెస్టారెంట్‌లో ఇదే వైన్‌ను మంచు ముక్కల బకెట్‌లో గంటసేపు ఉంచి తెచ్చారు. వాసన పూర్తిగా మూసుకుపోయి పులుపొక్కటే మిగిలింది. 10 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంచితే చాలు. మామూలు ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను ఓ పావుగంట బల్ల మీద వదిలేస్తే సరిపోతుంది.

అక్కడ దీనితో తినేవాటిలో నాకు బాగా నచ్చింది ష్లుట్స్‌క్రాప్ఫెన్. ఆకారంలో మన కజ్జికాయే, కాకపోతే లోపల కొబ్బరికి బదులు పాలకూర, మెత్తని చీజ్ పెట్టి, నీళ్ళలో ఉడికించి, పైన కరిగిన వెన్న పోస్తారు. ఆ వెన్న జిడ్డును వైన్ పులుపు చక్కగా కోసేస్తుంది. ఇంట్లో నెయ్యి వేసి కాల్చిన అల్లం పెసరట్టుతో, కారం తగ్గించి మిరియాలతో చేసిన రొయ్యల వేపుడుతో ప్రయత్నించాను; రెండూ కుదిరాయి. గోంగూర మాంసంతో కుదరలేదు. గోంగూర పులుపు ముందు కెర్నర్ నీళ్ళలా తేలిపోయింది, ఎండుమిరప మంటను ఆల్కహాల్ ఇంకాస్త రాజేసింది. తప్పు వైన్‌దీ కాదు, కూరదీ కాదు, రెండింటినీ ఒక బల్ల మీద పెట్టిన నాది.

యూరప్ దుకాణాల్లో ఇది సుమారు 15 నుంచి 20 యూరోల మధ్య దొరుకుతుంది, ఆ ధరకు నిస్సంకోచంగా కొనవచ్చు. మఠాధిపతి పదవి పేరు మీదుగా ప్రెపోజిటుస్ అనే పై శ్రేణి కూడా ఉంది. అది మరింత చిక్కగా ఉంటుంది, ధరా ఎక్కువే. మొదటిసారి కొనేవారికి మామూలు శ్రేణినే సూచిస్తాను. మిగిలిపోతే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి పులుపు కాస్త సర్దుకొని, జాజికాయ వాసన మొదటి రోజు కంటే స్పష్టంగా తెలిసింది నాకు.