పార్ట్ టూ కోసం ఆపేసే ఎండింగా, అక్కడికక్కడే ముగిసేదా?

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగతా మావాళ్లు ఇప్పుడు కూడా గొడవ పడే టాపిక్ ఇదే. పార్ట్ టూకి దాచిపెట్టుకునే ఎండింగ్ అంటే 2015లో వచ్చిన మొదటి బాహుబలి గుర్తొస్తుంది, బాహుబలిని కట్టప్ప చంపినాడు అని చెప్పి, ఎందుకో చెప్పకుండా తెర దించేసినారు, జవాబు కోసం 2017 దాకా ఆగాల్సొచ్చింది. అయినా కోపం రాలేదు, ఎందుకంటే దానికి ముందే కాలకేయులతో యుద్ధం మొత్తం చూపించేసినారు కదా, కడుపు నిండినాకే ప్రశ్న పెట్టినారు. ఇప్పుడు కొందరు చేసేది అది కాదప్పా, కథ సగంలో ఉండగానే ఆపేసి చివర్లో ఒక కొత్త విలన్ మొహం చూపించి పంపించేస్తారు, విస్తట్లో అన్నం పెట్టి కూర రేపు అన్నట్టు.

ఇంకో రకం, అక్కడే ముగించేది. 1978లో బాలచందర్ తీసిన మరోచరిత్ర చూడండి, పెద్దోళ్లు పెట్టిన ఏడాది ఎడబాటు షరతుని ప్రేమికులిద్దరూ ఓర్చుకుంటారు, మనం కూడా వాళ్లతోపాటు రోజులు లెక్కపెట్టుకుంటాం, చివరికి ఇద్దరూ చచ్చిపోతారు. మా అమ్మకి ఆ సినిమా అంటే ఇప్పటికీ కోపమే, కానీ టీవీలో వస్తే మాత్రం లేవదు! ఏడిపించినా ఏదో ఎగ్గొట్టినారు అనిపించదు.

అందరూ బతికి గ్రూప్ ఫొటో దిగే క్లైమాక్స్ సంగతి వేరే, దాని గురించి మాట్లాడేదానికి ఏమీ లేదు. నాకైతే ముగిసేదే ఇష్టం, పార్ట్ టూ తీయాలంటే తీసుకోండి, మొదటి టికెట్‌కి సరిపడా కథ మాత్రం మొదటి దాంట్లోనే ఇచ్చేయండి సామీ.