పుట్టినరోజు ఊలు, చుట్టే మిషను: నెల రోజులు వాడాక

ఈ పుట్టినరోజుకి అక్క రెండు చిలపల (వలయంలా చుట్టిన పోగు కట్టల) ఊలు ఇచ్చింది, మావారు ఊలు చుట్టే మిషను ఇచ్చారు. ఇన్నాళ్ళూ చిలపని ఆయన రెండు చేతులకీ తగిలించి ఉండ చుట్టేదాన్ని. ఆ కానుక ఎవరి సుఖం కోసమో వేరే చెప్పాలా!

ముందు ఊలు సంగతి. చేత్తో రంగేసిన సాక్స్ ఊలు, 75 శాతం మెరినో అనే మెత్తటి గొర్రె ఊలు, 25 శాతం నైలాన్, 100 గ్రాములకి 425 మీటర్లు. నెమలికంఠం రంగు. 2.25 మిల్లీమీటర్ల సూదుల మీద 64 కుట్లతో ఒక సాక్సు మడమ దాకా వచ్చింది. పోగు విడిపోదు, కుట్లు అద్దంలా కనిపిస్తాయి, తప్పు చేసి విప్పినా నూగు లేవలేదు. అయితే నమూనా ముక్క నానబెడితే నీళ్ళన్నీ నీలం. తెల్ల ఊలుతో చారలు అల్లాలనుకున్నాను, మానుకున్నాను. పైగా రెండు చిలపల ఛాయ ఒకటి కాదు. సాక్సుకి ఫరవాలేదు, శాలువా అయితే రెండు వరసలకోసారి ఉండ మార్చుకుంటూ అల్లాల్సిందే.

మిషను ప్లాస్టిక్‌ది. 100 గ్రాములు హాయిగా చుడుతుంది, పోగు ఉండ మధ్యలోంచి వస్తుంది. మందపాటి బల్లకి మాత్రం దాని బిగింపు పట్టదు. మొదటిరోజు ఉత్సాహంగా గిరగిరా తిప్పి ఊలుని బిర్రుగా లాగేశాను. అలా చుడితే పోగు సాగిపోతుంది, అందుకని వదులుగా రెండోసారి చుట్టాను.

ఇక ఒక చెయ్యే అల్లి వదిలేసిన స్వెటరు ఇంకా సంచీలోనే ఉంది. అక్క అడగకపోతే బావుణ్ణు.