పాత డాలరు ఇప్పుడెంత? బీఎల్ఎస్ ద్రవ్యోల్బణ కాలిక్యులేటర్ రివ్యూ

కామర్స్ విద్యార్థులకు డబ్బు విలువ గురించి పాఠం మొదలుపెట్టేటప్పుడు నేను బోర్డు మీద సూత్రం రాయను. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ, అంటే అందరూ బీఎల్ఎస్ అని పిలిచేది, తన వెబ్‌సైట్‌లో పెట్టిన ద్రవ్యోల్బణ కాలిక్యులేటర్ తెరుస్తాను. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. ఒక గడిలో మొత్తం రాసి, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది ఎంచుకుని బటన్ నొక్కితే చాలు, అప్పటి డబ్బుకు సమానమైన కొనుగోలు శక్తి కావాలంటే తర్వాత ఎంత ఉండాలో ఒక్క ముక్కలో చెప్తుంది. 1913 జనవరి దాకా వెనక్కి వెళ్లొచ్చు. వందేళ్లకు పైబడిన నెలవారీ లెక్కను ఇంత తేలిగ్గా ఎవరికైనా అందించడం చిన్న సేవ కాదు.

దీని బలమేంటో తెలియాలంటే కనీస వేతనంతో మొదలుపెట్టండి. అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం 2009 జూలైలో గంటకు 7.25 డాలర్లయింది. ఆ తర్వాత ఆ అంకె కదల్లేదు. చాలా రాష్ట్రాలు సొంతంగా ఎక్కువ పెట్టుకున్నాయి, అది వేరే సంగతి. ఆ 7.25ని 2009 జూలై నుంచి 2024 జూలైకి తెస్తే 10.59 వస్తుంది. అంటే 2009లో ఆ జీతంతో ఎలా బతికారో అలాగే బతకాలంటే గంటకు 10.59 రావాలి. ఫెడరల్ రేటు మీదే ఆధారపడ్డవాళ్ల చేతికొచ్చేది 7.25. జీతం తగ్గిస్తున్నామని ఎవరూ నోటీసు ఇవ్వలేదు, అయినా కొనుగోలు శక్తిలో దాదాపు మూడో వంతు పోయింది.

అక్కడితో ఆపొద్దు. 1968 ఫిబ్రవరిలో కనీస వేతనం 1.60 డాలర్లకు పెరిగింది. దాన్ని 2009 జూలైకి తెస్తే 10 డాలర్లు దాటుతుంది, 2024 జూలైకి తెస్తే 14.72. అంటే 7.25 అన్నది అమల్లోకి వచ్చిన రోజునే 1968 నాటి స్థాయి కంటే బాగా కింద ఉంది. పేపర్లో "కనీస వేతనం పెంపు" అని చదివినప్పుడు ఇది తట్టదు. ఇక్కడ రెండు బటన్లు నొక్కితే కళ్ల ముందుంటుంది. ద్రవ్యోల్బణం పేదవాడి మీద ఎలా పడుతుందో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు దొరకలేదు. ధరలు పెరగడం ఒక్కటే కాదు సమస్య, ధరలతో పాటు పెరిగే హక్కు లేని ఆదాయం అసలు సమస్య.

ఈ మాట అనగానే క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మరి ధరలు తగ్గితే మంచిదే కదా మేడమ్?" అప్పుడు 1929 జనవరి నుంచి 1933 జనవరికి 100 డాలర్లు పెట్టమంటాను. 75.44 వస్తుంది. మొదట అందరి ముఖాలూ వెలుగుతాయి, నాలుగేళ్లలో ధరలు పావు వంతు తగ్గాయి మరి! తర్వాత అప్పు చేసినవాడి వైపు నుంచి చూడమంటాను. 1929లో 100 డాలర్లు అప్పు చేసినవాడు 1933లోనూ 100 డాలర్లే కట్టాలి, కానీ ఆ 100కి ఇప్పుడు 1929 నాటి దాదాపు 133 డాలర్ల విలువుంది. వడ్డీ కాకుండానే అసలు బరువెక్కింది. అదే సమయంలో దుకాణదారుడికి రాబడి తగ్గింది, పనివాడికి ఉద్యోగం పోయింది. అప్పులు తీర్చడానికి అందరూ ఆస్తులు అమ్ముకోవడంతో ధరలు ఇంకా పడ్డాయి. ఈ సుడిగుండాన్నే ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1933లో వివరించాడు. తలకిందులుగా చూడాలంటే 1973 జనవరి నుంచి 1983 జనవరికి వెళ్లండి, 100 కాస్తా దాదాపు 230 అవుతుంది. ఆ పదేళ్లలో స్థిర వడ్డీకి ఇంటి రుణం తీసుకున్నవాళ్లు తేలిగ్గా బయటపడ్డారు, డబ్బు దాచుకున్నవాళ్లూ స్థిరమైన పెన్షన్ మీద బతికేవాళ్లూ చితికిపోయారు.

కాలిక్యులేటర్ ఎంత పెరిగిందో చెప్తుంది, ఎందుకు పెరిగిందో చెప్పదు. ఇది లోపమని అనను, దాని పని అది కాదు. కానీ వాడేవాళ్లు ఆ చరిత్ర తామే తెచ్చుకోవాలి. 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక కొన్ని నెలల్లోనే ముడి చమురు ధర దాదాపు నాలుగింతలైంది. 1979లో ఇరాన్ విప్లవంతో మరో దెబ్బ. అయితే చమురు ఒక్కటే పదేళ్లు ధరల్ని మోయలేదు. రేపు ఇంకా పెరుగుతాయని జనం నమ్మితే జీతాలు ముందే పెంచమంటారు, కంపెనీలు ధరలు ముందే పెంచుతాయి, డబ్బు సరఫరాను బిగించడానికి కేంద్ర బ్యాంకు వెనకాడితే ఆ నమ్మకం నిజమై కూర్చుంటుంది. 1980 మార్చిలో ఏడాది ద్రవ్యోల్బణం 14.8 శాతానికి చేరింది. పాల్ వోల్కర్ నాయకత్వంలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీరేట్లను 20 శాతం దరిదాపులకు తీసుకెళ్లి దాన్ని విరిచింది, దానికి మూల్యంగా 1982 చివర్లో నిరుద్యోగం 10.8 శాతానికి వెళ్లింది. 2022 జూన్ నాటి 9.1 శాతం వెనక కారణాలు మళ్లీ వేరే కలయిక: కోవిడ్ తర్వాత తెగిన సరఫరాలు, ప్రభుత్వం పంచిన డబ్బుతో ఎగసిన గిరాకీ, ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఇంధనం. తెర మీద అంకెలన్నీ ఒకేలా కనిపిస్తాయి. మందు మాత్రం ఒకటే కాదు.

ఇక లోపల ఏముందో చూద్దాం. ఇది వాడేది నగర వినియోగదారులందరి ధరల సూచీ, సీపీఐ-యూ అంటారు. జనాభాలో 90 శాతానికి పైగా దీని పరిధిలోకి వస్తారు. కుటుంబాలు దేనికి ఎంత ఖర్చు పెడుతున్నాయో సర్వే చేసి ఒక్కో వస్తువుకూ సేవకూ వెయిటేజీ ఇస్తారు, నెలనెలా ధరలు సేకరించి ఆ వెయిటేజీల ప్రకారం కలుపుతారు. ఆ వెయిటేజీలు నావి కావు, మీవి కావు, అందరి సగటు. మందులకే ఆదాయంలో పెద్ద భాగం పోయే వృద్ధుడికీ, రోజూ వంద కిలోమీటర్లు కారు నడిపే ఉద్యోగికీ ఇది ఒకే జవాబిస్తుంది. సొంత ఇంటి విషయం ఇంకా విచిత్రంగా ఉంటుంది. 1983 నుంచి ఇళ్ల ధరల్ని నేరుగా లెక్కలోకి తీసుకోవడం లేదు, మీ ఇంటిని మీరే అద్దెకు తీసుకుంటే ఎంత అవుతుందన్న అంచనాను తీసుకుంటారు. మొత్తం సూచీలో దాదాపు పావు వంతు బరువు దానిదే. నా మటుకు ఇది సరైన పద్ధతే, ఇల్లు పెట్టుబడి, అందులో ఉండటం ఖర్చు. కానీ ఒక్కో ఇంటి అద్దెను ఆరు నెలలకోసారే అడుగుతారు, పైగా పాత అద్దెదారులూ సర్వేలో ఉంటారు. కాబట్టి కొత్తగా ఇల్లు వెతుక్కునేవాళ్లకు తగిలే మంట సూచీలోకి ఆలస్యంగా వస్తుంది. ఈమధ్యే అద్దె పెరిగినవాళ్లు ఈ లెక్కను నమ్మలేకపోతే నేను వాళ్లను తప్పుపట్టను.

సూచీ ధరల పెరుగుదలను ఎక్కువ చేసి చూపిస్తుందనే వాదన కూడా ఉంది. ఒకటి ఖరీదైతే జనం మరోదానికి మారతారు, వస్తువుల నాణ్యత మెరుగవుతుంది, ఇవి సరిగ్గా పట్టుకోకపోతే లెక్క పైకి జరుగుతుంది. 1996లో బాస్కిన్ కమిషన్ అనే ఆర్థికవేత్తల బృందం ఈ తేడాను ఏడాదికి 1.1 శాతం పాయింట్లుగా అంచనా వేసింది. ఆ తర్వాత పద్ధతులు చాలా మారాయి.

పాత సంవత్సరాల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త కావాలి. కాలిక్యులేటర్ రెండు నెలల సూచీ అంకెల్ని భాగించే జవాబిస్తుంది, అందులో 1913 జనవరి అంకె 9.8. ఒక్క దశాంశ స్థానమే. అసలు విలువ 9.75 నుంచి 9.85 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అప్పటి 100 డాలర్లను 2024 జనవరికి తెస్తే కాలిక్యులేటర్ సెంట్లతో సహా 3,147.11 అంటుంది, నిజానికి అది సుమారు 3,131 నుంచి 3,163 దాకా ఎంతైనా కావచ్చు. 2007 నుంచి సూచీ మూడు దశాంశాలకు ఇస్తున్నారు కాబట్టి ఇటీవలి సంవత్సరాలకు ఈ బాధ లేదు. పాత లెక్కల్ని ప్రాజెక్టు రిపోర్టులో రాసేటప్పుడు సెంట్లు తీసేయమని నా విద్యార్థులకు గట్టిగా చెప్తాను. మరో సంగతి, ప్రభుత్వ షట్‌డౌన్ వల్ల ధరల సేకరణ జరగక 2025 అక్టోబర్ సూచీ వెలువడలేదు. ఆ నెల చుట్టూ పోలికలు చేసేవాళ్లు చూసుకోవాలి.

జీతం బేరమాడుకునేవాళ్లకు, పాత ఒప్పందాలు పరిశీలించేవాళ్లకు, చరిత్ర చదివేవాళ్లకు కళ్లు మూసుకుని సిఫార్సు చేస్తాను. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ పెంపు లెక్క చూసుకోవాలనుకునే పెద్దవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు, ఆ పెంపు సీపీఐ-డబ్ల్యూ అనే వేరే సూచీ మూడో త్రైమాసికం సగటు మీద ఆధారపడుతుంది. ఫెడరల్ రిజర్వ్ పెట్టుకున్న 2 శాతం ద్రవ్యోల్బణ లక్ష్యం కూడా దీని మీద కాదు, పీసీఈ అనే ఇంకో సూచీ మీద.

ఐదుకు నాలుగు ఇస్తాను. మిగిలిన ఒకటీ ఇవ్వడానికి నేను అడిగేది ఒక్కటే: ఫలితం కింద ఇంటి అద్దె, ఆహారం, ఇంధనం, వైద్యం విడివిడిగా ఎంతెంత పెరిగాయో నాలుగు వరుసల్లో చూపించాలి. ఆ వివరాలన్నీ బీఎల్ఎస్ పట్టికల్లో ఇప్పటికే ఉన్నాయి. వాటిని వెతుక్కుని, డౌన్‌లోడ్ చేసుకుని, భాగహారం చేసుకోవడం కామర్స్ చదివినవాళ్లకు సాధ్యమే, గంటకు 7.25 సంపాదించే మనిషికి అంత తీరిక ఉండదు.