పాపికొండల లాంచీ, కొల్లూరులో ఒక రాత్రి: ఈ ప్యాకేజీ ఎలా ఉందంటే

సంక్రాంతి సెలవులు ముగిసిన తరువాతి వారాంతంలో, హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్స్ వారి పాపికొండల ప్యాకేజీలో మా అమ్మను తీసుకుని వెళ్ళి వచ్చాను. శుక్రవారం రాత్రి లక్డీకాపూల్‌లో బస్సెక్కితే తెల్లవారేసరికి భద్రాచలం చేరుకున్నాము. రాములవారి దర్శనం, ఫలహారం, పోచవరం రేవు దాకా వ్యాను, ఇంతవరకు పేచీ లేదు.

రేవులో అందరి పేర్లూ రాసుకుని లైఫ్ జాకెట్లు ఇచ్చారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగిన తరువాత ఆగిపోయిన ఈ ప్రయాణాలు 2021లో గాని మళ్ళీ మొదలు కాలేదు కనుక, జాకెట్ల విషయంలో నేను కాస్త చాదస్తంగానే ఉన్నాను. అమ్మకు ఇచ్చినదానికి నడుము దగ్గరి బకిల్ విరిగి ఉంది. గైడు "ముడి వేసుకోండమ్మా, సరిపోతుంది" అన్నాడు. ఆ మాట విన్న సరంగు మాత్రం ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి ఇంకొకటి తెచ్చి, పట్టీలు తానే బిగించి, మళ్ళీ స్టీరింగ్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

కూనవరం దగ్గర శబరిని కలుపుకుని వచ్చే గోదావరి, కొండల నడుమకు చేరేసరికి ఎంత ఇరుకవుతుందంటే, ఒక్కొక్క మలుపు దగ్గర ముందు దారి ఉందా లేదా అన్న అనుమానం వస్తుంది. ఆ చోట మైకులో హోరెత్తించే పాటలు ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు. పేరంటపల్లిలో దిగి శివాలయం చూసి, కొండరెడ్లు అమ్ముతున్న వెదురు పూలసజ్జ ఒకటి కొనుక్కున్నాము. బేరమాడవద్దని అమ్మ ముందే హెచ్చరించింది.

అసలు సంగతి కొల్లూరులో. ప్రకటనలో 'రివర్ వ్యూ రిసార్ట్' అని రాసినవి, ఇసుక ఒడ్డున వేసిన వెదురు గుడిసెలు. నాకు వాటి మీద ఫిర్యాదు లేదు, నిజానికి గుడిసెలే కావాలనుకుని వెళ్ళాను. అయితే జనరేటరు చీకటి పడ్డాక మూడు గంటలు మాత్రమే నడుస్తుందనీ, ఫోన్‌కు సిగ్నల్ ఉండదనీ, మరుగుదొడ్లు గుడిసెలకు దూరంగా, అందరికీ కలిపి ఉంటాయనీ, మందుల దుకాణం మాట అటుంచి అగ్గిపెట్టె కొనాలన్నా పడవ ఎక్కవలసిందేననీ డబ్బు కట్టేటప్పుడు ఎవరూ చెప్పలేదు. అమ్మకు ఇన్సులిన్ ఉంది, ఫ్రిజ్ ఉంటుందా అని నేను రెండుసార్లు అడిగితే, రెండుసార్లూ "అన్నీ ఉంటాయండీ" అనే జవాబు వచ్చింది.

వాడుతున్న ఇన్సులిన్ పెన్నుకు చల్లదనం అంత అవసరం లేదు గాని, సీలు తీయని ఇంకొకటి వెంట ఉండడంతో కంగారుపడ్డాను. అక్కడ వంట చేసే ఆమె ఆ సంగతి విని, చిన్న కుండ ఒకటి తెచ్చి, పెన్నును ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులో పెట్టి, కుండను తడి ఇసుకలో మెడదాకా పాతి, పైన తడిగుడ్డ కప్పింది. "పొద్దుటికి చూడండయ్యా, ఎంత చల్లగా ఉంటదో" అంది. ఉదయం తీసి చూస్తే కుండ లోపలి గోడ నిజంగానే చల్లగా తగిలింది. ఆమె చేతి చేపల పులుసు కూడా ఈ ప్యాకేజీలో మరిచిపోలేనిది. బొంగు చికెన్‌కు విడిగా డబ్బు తీసుకుంటారు, ఆ డబ్బు పులుసుకు ఇవ్వాలనిపించింది.

పెద్దవాళ్ళతో వెళ్ళేవారు టార్చి, ఓడోమాస్, మందులు, దళసరి దుప్పటి, చిల్లర తప్పక తీసుకువెళ్ళండి. నదికి, సరంగుకు, వంట చేసిన ఆమెకు ఐదు నక్షత్రాలు ఇస్తున్నాను, ప్యాకేజీ అమ్మినవారికి రెండే. తిరిగి వచ్చాక ఫోన్ చేసి ఫ్రిజ్ సంగతి అడిగితే, "ముందే చెప్పుంటే ఐస్ బాక్స్ పెట్టేవాళ్ళం కదండీ" అన్నారు.